కళ్ళు తెరిచి ఉంచే డ్యూటీ: మచ్చ బొల్లారం నుంచి అలియాబాద్ జామతోట దాకా

శామీర్‌పేట చెరువు చూడటానికి ఎవరైనా వెళ్తారు. గాలి ఉంది, నీళ్ళున్నాయి, ఆదివారమైతే సెల్ఫీలు దిగేవాళ్ళతో కట్ట మీద కాలు పెట్టే చోటుండదు. మేం మాత్రం సునీత కోసం వెళ్ళాం. మచ్చ బొల్లారంలోని మా చర్చిలో శనివారం సాయంత్రం యువజనుల కూడిక జరుగుతుంది. చాపలు పరచడం, మైకు బిగించడం, కుత్బుల్లాపూర్ వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్ళ పిల్లల్ని ఆటోల్లో తీసుకొచ్చి మళ్ళీ ఇళ్ళకు దింపడం, కొట్టుకునేవాళ్ళను విడదీయడం, ఇదంతా మా వాలంటీర్ల పని. వాళ్ళందరికీ ముందు నిలబడేది సునీత. అలాంటి పిల్ల ఒక శనివారం సామాన్ల బీరువా తాళంచెవి తెచ్చి పాస్టరుగారి చేతిలో పెట్టింది. "వచ్చే నెలకెల్లి వేరే చర్చికి పోత అయ్యగారూ. ఆడ నన్నెవ్వరు గుర్తువట్టరు. ఎనక వరసల కూసుంట" అంది. కారణం అడిగితే చెప్పలేదు.

పాస్టరుగారు ఆ తాళంచెవి తీసుకొచ్చి నా జేబులో వేశారు. వాలంటీర్ల మంచిచెడ్డలు చూసే పెద్దను నేనే మరి. పదో తరగతి దగ్గర నేనూ చదువూ మర్యాదగా విడిపోయాం, ఇప్పుడు బైకు సీట్లకు కవర్లు కుడతాను. నాకు ఈ పదవి ఎందుకిచ్చారంటే, బయట కూర్చోబెడితే చేసే అల్లరి కంటే పెద్దను చేస్తే చేసే అల్లరి కొంచెం తక్కువని. "దాసూ, ఆ పిల్ల పోతే వెనకాలే సగం మంది పోతారు. నీ వేషాలు పక్కనపెట్టి ఆమెతో మాట్లాడు" అన్నారు. వేషాలు పక్కన పెట్టడం నావల్ల కాదు గాని, బండి మాట్లాడటం వచ్చు. వాలంటీర్లందరినీ ఒక రోజు ఊరి బయటికి తీసుకెళ్దాం, ఆ రోజు వాళ్ళ చేత పుల్ల కూడా ఎత్తించొద్దు అనుకున్నాను. తూఫాన్ బండికి డీజిల్‌తో కలిపి నాలుగు వేలు. అందరం చందాలు వేసుకున్నాం.

ఆదివారం ఆరాధన ఎగ్గొడితే పాస్టరుగారు నన్ను తూఫాన్ కింద పడేస్తారు కాబట్టి సెలవున్న ఒక సోమవారం చూసుకుని, పొద్దున ఆరున్నరకు చర్చి గేటు ముందు చేరాం. డ్రైవరు మల్లేశ్‌ది కరీంనగర్ వైపు. సామాన్లు ఎక్కిస్తూ నా స్టీలు డబ్బా దగ్గర ఆగాడు.

"గీ డబ్బాల ఏమున్నయన్నా? బరువుగున్నది."

"పానాలు. సీట్లిప్పే పానాలు. ముట్టుకోకు, గ్రీసంటుతది."

అందులో ఉన్నవి మా ఆవిడ చేసిన గరిజెలు. కొబ్బరి, బెల్లం దట్టించి, నేతిలో వేయించినవి. పదిమందిలో పంచితే తలకొకటి, దాచుకుంటే మొత్తం నావి. లెక్క తేలికే.

బండి కదిలే ముందు ప్రార్థన మా అలవాటు. అందరూ తలలు వంచారు. నేను ప్రార్థనలో ఒక కన్ను తెరిచే ఉంచుతాను, జనం చెప్పులు అటూఇటూ మార్చడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆ ఒంటి కన్నుతో చూసేసరికి ఎదురుగా రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి. సునీత. నా కాలి కింద ఎవరిదో చెప్పు ఉంది. ఆమె చూపు చెప్పు మీద నుంచి గేటు మీదికి, గేటు నుంచి రోడ్డు మీదికి, అక్కణ్ణుంచి మనుషుల మీదికి వెళ్ళి వచ్చింది. ఆమెన్ అయ్యాక నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మామూలుగా అయితే పాస్టరుగారికి చెప్తానని బెదిరించేది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

మా దగ్గర్నుంచి శామీర్‌పేటకు నేరుగా వెళ్ళాలంటే అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా ముప్పావు గంట. మీరు అలాగే వెళ్ళండి. మేం మేడ్చల్ తిరిగి వెళ్ళాం, ఎందుకంటే మా కూడికలో గిటారు వాయించే ప్రేమ్ అక్కడి మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ దిగి అక్కడే ఎక్కాలి. మేడ్చల్ బస్టాండు దగ్గర ఇడ్లీ బాగుంటుంది, నలభై రూపాయలకు కడుపు నిండుతుంది. రెండు అత్తాల అరటిపళ్ళు కూడా అక్కడే కొన్నాం. ప్రేమ్ నిద్ర కళ్ళతో గిటారు భుజాన వేసుకుని వచ్చాడు.

"అరే, చెర్వు కాడ గిటారుకు గూడ టికెట్టంట, తెల్సా?" అన్నాను.

"గిటారుకు టికెట్టేందన్నా?"

"వాయించకుంటే యాభై, వాయిస్తే రెండొందలు. ఏం మల్లేశ్?"

మల్లేశ్ అద్దంలో నా ముఖం చూసి, కనుబొమ్మ కూడా కదపకుండా అన్నాడు. "మొన్న ఒకాయన తబలాకు జుర్మానా గట్టిండు."

ప్రేమ్ గిటారుకు దుప్పటి కప్పి, దాని మీద తలపెట్టి పడుకున్నాడు. ఔటర్ రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద శామీర్‌పేట చేరేదాకా బండి అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. సునీత మాత్రం కిటికీ పక్కన కూర్చుని, వెనక తలుపు గడియ సరిగ్గా పడిందా లేదా అని చూస్తూ ఉంది.

తొమ్మిదింటికి చెరువు చేరాం. రోడ్డు పక్క రేకుల పందిరి కింద ఒక అవ్వ చేపలు వేయిస్తోంది. చెరువులో చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. ముక్కల పళ్ళెం నూట యాభై, పైన పిండిన నిమ్మకాయ ఉచితం.

"అవ్వా, చేపలు ఎప్పటియి?" అని అడిగాను.

"పొద్దుగాల వట్టినయి. నీ లెక్క ముసల్వి గావు."

నా నోటికి తగ్గ నోరు దొరికిందని మావాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఈ సందట్లోనే సునీత లేచి పళ్ళేలు అందించడం, నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. నేను కూర్చోమన్నాను, కూర్చోలేదు. చివరికి అవ్వ జల్లిగంటె ఎత్తింది.

"ఓ బిడ్డా, గిది నా దుకాణం. నువ్వు కూసో. నా కొలువు ఊడగొడ్తవా ఏంది?"

సునీత సిగ్గుపడి కూర్చుంది. పళ్ళెం ముందు పెట్టుకుని ఏం చేయాలో తెలియని మనిషిలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తిన్నాక అందరూ ఫోటోలకు కట్ట ఎక్కారు. నేను ఆమె పక్కన చతికిలబడి జేబులోంచి తాళంచెవి తీసి చూపించాను.

"నిన్నెవడన్న ఏమన్న అన్నడా? చెప్పు, వాని బైకు సీటు కింద మేకులు కుడ్త."

"ఎవ్వరేమనలేదన్నా."

"మరి పొద్దుగాల ప్రార్థనల కండ్లెందుకు తెర్సినవ్? నేనంటే దొంగను. నువ్వెందుకు?"

"నేనెప్పుడు మూస్తనన్నా? మూస్తే ఒకడు రోడ్డు మీదికి ఉరుకుతడు. ఇంకొకడు మైకు వైరు గుంజుతడు. చిన్న పిల్లలు గేటు దాటుతరు. ప్రార్థన అంటే అందరు కండ్లు మూస్తరు, నేను తలకాయలు లెక్కవెడ్త. ఆమెన్ అంటరు, నేను గూడ అంట. దేనికి ఆమెన్ అన్ననో నాకే తెల్వది." చేపముల్లుతో పళ్ళెం గీస్తూ అంది. "అందరికి ప్రార్థన నేర్పిస్తున్న. నేను జేసి ఎన్ని దినాలైందో యాదికి లేదు. ఒక్కటంటే ఒక్క ప్రార్థన గావాలె నాకు. మొదటికెల్లి ఆమెన్ దాక, కండ్లు మూస్కొని. ఎవ్వరు తెల్వని చర్చిల అయితే దొరుకుతదేమోనని."

"వేరే చర్చెందుకు? అన్నం కాడ నువ్వే ప్రార్థన జెయ్యి. కండ్లు నేను తెర్సుకుంట. ఎవడు గదిల్నా నేను జూస్కుంట. దేవుని తోడు, చెప్పులు మార్చ" అన్నాను. ఆమె నమ్మలేదు. నన్ను నమ్మమని నేనైనా ఎవరికీ చెప్పను.

అక్కణ్ణుంచి హైవే మీద కాస్త ముందుకు వెళ్తే అలియాబాద్. మా కొట్టుకు వచ్చే ఒక రైతుది అక్కడ జామతోట. మీకు తోటవాళ్ళు తెలియకపోయినా, రోడ్డు పక్క తోటల్లో అడిగి, పళ్ళు కొని, నీడన కూర్చోవచ్చు, ఎవరూ కాదనరు. పన్నెండున్నరకు చాపలు పరిచాం, అంటే నేనూ మల్లేశూ పరిచాం. అల్వాల్‌లో చెప్పి చేయించిన బగారన్నం, కోడికూర గిన్నెలు దించాం, మూతల మీద రాళ్ళు పెట్టాం. అరటి అత్తాలు, నా పానాల డబ్బా చెట్టు మొదట్లో పెట్టాం. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. సునీత నా వైపు చూసింది. నేను రెండు కళ్ళూ వేళ్ళతో పెద్దవిగా చేసి చూపించాను. ఆమె కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, ఇయ్యాల ఏం అడగ. కొంచెం సేపు నీ దగ్గర కూసుంట" అంది. తర్వాత మాట లేదు. ఆకుల చప్పుడు, దూరంగా హైవే మీద లారీలు. ఆమె భుజాలు కిందికి దిగడం కనిపించింది నాకు. అవి అంత పైకి ఉన్నాయని దిగాకే తెలిసింది.

సరిగ్గా అప్పుడు కోతులు దిగాయి.

మొదట ఒకటి, దాని వెనక పిల్లాజెల్లా మొత్తం. అరటి అత్తం ఒకటి చెట్టెక్కింది. కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కణ్ణే. అరిస్తే పారిపోతాయి, కానీ అరిస్తే ఆమె కళ్ళు తెరుస్తుంది. బండి దగ్గర నిలబడ్డ మల్లేశ్ రాయి కోసం వంగాడు. నేను రెండు చేతులూ జోడించి వద్దన్నాను. రెండో అత్తం కూడా వెళ్ళింది. అప్పుడొక ముసలి కోతి నా డబ్బా దగ్గర కూర్చుని, తాళాలు రిపేరు చేసేవాడిలా నింపాదిగా మూత తీసింది. గరిజె కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది. మల్లేశ్ నా వెనకకు వచ్చి చెవిలో గుసగుసలాడాడు.

"అన్నా, నీ పానాలు వోతున్నయి."

నేను పెదాల మీద వేలు పెట్టుకున్నాను. ప్రేమ్ తల ఎత్తబోతే మెడ మీద చెయ్యేసి వంచాను. సునీత ప్రార్థన సాగుతూనే ఉంది. డబ్బా చేతులు మారుతూనే ఉంది. నా జీవితంలో ఏ ప్రార్థనలోనూ అంత భక్తిగా కూర్చోలేదు, ఏదీ అంత తొందరగా అయిపోవాలనీ కోరుకోలేదు. అయినా కదల్లేదు.

"ఆమెన్" అంది చివరికి. కళ్ళు తడిగా, ముఖం స్నానం చేసి వచ్చినంత తేటగా ఉంది. చెట్టు వైపు చూసింది. కొమ్మ మీద ముసలి కోతి ఆఖరి గరిజె పట్టుకుని ఉంది.

"అన్నా, కోతులు పానాలు తింటున్నయి!" అని ప్రేమ్ కేక వేశాడు.

"కాపలా ఉంటనంటివి గదన్నా?" అంది సునీత.

"ఉన్న. సూస్తనంటి, సూసిన."

ఆ పిల్ల నవ్వు మొదలుపెట్టింది. చాప మీద వాలిపోయి, కడుపు పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. గరిజెలు దాచుకున్నందుకు నాకు దక్కవలసిన తిట్లన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. అన్నం తిని, ప్రేమ్ టికెట్ లేని గిటారు వాయించి, నాలుగింటికి తిరిగి బండెక్కాక, ముందు సీట్లో ఉన్న నా భుజం మీద సునీత చెయ్యి పడింది.

"తాళంచెవి ఇయ్యి. గని శనివారం ప్రార్థనల ఎవరు కండ్లు తెరవాల్నో వంతులు వెట్టు. నా వంతొచ్చినప్పుడు నేను తెరుస్త. మిగిల్నప్పుడు మూస్త."

ఇప్పుడు మా కూడికలో అలాగే నడుస్తోంది. పోయిన శనివారం ప్రేమ్ వంతు, వాడు కళ్ళు తెరిచి నిద్రపోయాడు, అయినా ఎవరూ గేటు దాటలేదు. పనిచేసేవాళ్ళను మెచ్చుకుని శాలువాలు కప్పుతాం, ఫోటో తీస్తాం, అలసిపోతే విహారానికి తీసుకెళ్తాం. వాళ్ళు మోసేదాన్ని కాసేపు మనం పట్టుకుంటే చాలని నాకు ఒక కోతి ముందు నోరు మూసుకుని కూర్చున్నాక గాని తెలియలేదు. అలియాబాద్ తోటలకు వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. అన్నానికి ముందు ప్రార్థన చేసే అలవాటుంటే ఒకరిని కళ్ళు తెరిచి ఉంచండి, ప్రతిసారీ ఆ ఒక్కరినే మాత్రం ఉంచకండి. గరిజెలు తెచ్చుకుంటే మాత్రం ముందే పంచేయండి.