మంత్రిగారి మేడలో అక్కగారు

గజపతినగరంలో అక్కగారు పోయారని మొన్న ఉదయం బస్సు దిగిన బంధువొకరు చెప్పారు. చిన్న మేనల్లుడి ఇంట్లో, నిద్రలోనే పోయారట.

విజయనగరంలో మా పక్కనుండిన మేడ మంత్రిగారిది. ఆయన తోడబుట్టిన అక్క ఈవిడ. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేనెరగను. ఊరందరికీ అక్కగారే. చిన్నతనంలో భర్త పోతే పుట్టింటికి వచ్చి, తల్లిలేని తమ్ముణ్ణి పెంచారు. ఆయన స్వాతంత్ర్యోద్యమంలో జైల్లో ఉన్నా, తర్వాత మంత్రి అయి హైదరాబాదులో ఉన్నా, ఆ ఇల్లు నడిపింది ఆవిడే. ఆయన ఊళ్లో ఉన్నారంటే చాలు, పల్లెల నుంచి అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్లతో అరుగు నిండిపోయేది. అక్కగారు ముందు అందరికీ చల్ల ఇచ్చి, తర్వాత తమ్ముణ్ణి కేకేసేవారు.

"పని అవడం నీ సేతిలో ఉన్నా నేకపోయినా, కూకోబెట్టి ఇనడం నీ సేతిలోదే కదరా!" అని అందరి ముందే అనేవారు. మంత్రిగారు నవ్వేసి, నిలబడ్డ మనిషిని కూర్చోమనేవారు.

మా నాన్న పోయినప్పుడు అమ్మను ఊరుకోబెట్టబోయిన ఆడవాళ్లను ఆవిడ కసిరారు. "ఒసే, ఆపమనకండి. దాని బాధ దాన్ని సెప్పుకోనీండి." ఆ పూటంతా అమ్మ పక్కనే వింటూ కూర్చున్నారు. ఆ మేలు మేం మరిచిపోలేదు.

మంత్రిగారు పోయాక, మేడను ఆయన జ్ఞాపకంగా నిలుపుతామని సంతాపసభలో పెద్దలన్నారు. ఆ మాట ఆ సభతోనే సరి. మంత్రిగారి కొడుకులు దాన్ని సినిమా హాలు కట్టేవారికి అమ్మేశారు.

అక్కగారిని చిన్న మేనల్లుడు గజపతినగరం తీసుకెళ్లే రోజున, సామాను బండికెక్కిస్తుండగా రాజాం వైపు నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. తన మడికి కాలువ నీళ్లు రానివ్వడం లేదట. అక్కగారు బండి మీది కుర్చీ దింపించి కూర్చోబెట్టారు.

"అత్తా, ఎండెక్కిపోతన్నాది. ఇంకా ఏటి?" అన్నాడు మేనల్లుడు.

"ఉండరా, మనిషి సెప్పుకుంటన్నాడు."

అంతా విన్నాక, "తమ్ముడు పోనాడు కద బాబూ. నాను ఏటి సెయ్యగలను?" అన్నారు.

"తెలుసమ్మా. మరెవులికి సెప్పుకోవాలో తెలక వచ్చీసినాను" అన్నాడా రైతు.

తమ్ముడు పోయిన రోజున పదిమందిలో కంటతడి పెట్టని మనిషి, అప్పుడు చెంగు కళ్లకద్దుకున్నారు.

మేడ పడగొడుతుంటే వీధి వీధంతా నిలబడి చూశాం. అంతకుమించి ఎవరం ఏమీ చేయలేకపోయాం.

తర్వాత ఒకసారి గజపతినగరం వెళ్లి ఆవిడను చూశాను. "తిండికేటి లోటమ్మా! బాగానే సూస్తన్నారు. అయితే ఈడకి ఎవులొస్తారు?" అన్నారు. ఆ ఇంటికి అరుగు లేదు, వీధిలోకి ఒక మెట్టు మాత్రం ఉంది. సాగనంపడానికి వచ్చి దాని మీదే కూర్చున్నారు. మలుపులో వెనక్కి తిరిగి చూశాను. సంత ముగిసి జనం గంపలు ఎత్తుకుని ఆవిడ ముందునుంచే వెళ్లిపోతున్నారు. ఆవిడ మెట్టు మీద ఒక వారకు జరిగి, పక్కన ఇంకో మనిషికి చోటు వదిలి, వాళ్ల ముఖాల్లోకి చూస్తూ కూర్చున్నారు.