భిలాయి నుంచి సాలూరుకి, ఇంజను వేడి కొలుచుకుంటూ

అక్కకి ఏడో నెల. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మావాళ్ళ ఆనవాయితీ. ఆనవాయితీ సంగతెలా ఉన్నా, అక్కకి అమ్మ దగ్గరే ఉండాలని ఉంది. ఆమె అత్తవారిది సాలూరు, మాది భిలాయిలో రుఆబాంధా. మే నెలలో విజయనగరం నుంచి మా పక్కనున్న దుర్గ్ వచ్చే రైళ్ళన్నీ వెయిటింగ్ లిస్టు. మిగిలింది మా పాత డీజిల్ కారు.

కిందటి వేసవిలో ఆ కారు దారిలోని కేష్‌కాల్ ఘాట్‌లో, కొండ ఎక్కుతూ ఆవిర్లు కక్కి ఆగిపోయింది. అప్పుడు బావ అందులోనే ఉన్నాడు. అందుకే అక్క అత్తగారు ఫోన్లో సూటిగా చెప్పారు. కారు ఘాట్లు ఎక్కగలదని నమ్మకం కుదిరితేనే పిల్లని పంపుతారు, లేకపోతే కాన్పు సాలూరులోనే. ఆ రాత్రి అక్క నాకు విడిగా ఫోన్ చేసి, "ఎలాగైనా బాగు చెయ్ రా, నాకు ఇక్కడ పురుడంటే భయంగా ఉంది" అంది.

నాన్నా నేనూ రెండు ఆదివారాలు కారు కింద పడుకున్నాం. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము నీళ్ళతో కడిగాం. ఎగ్జాస్ట్ గొట్టానికి వేడి ఆపే టేపు చుట్టాం. రేడియేటర్ ఫ్యాన్‌ని మనమే వేసుకునేలా డాష్‌బోర్డులో ఒక స్విచ్ పెట్టాను. ఇంజనుకీ మన కాళ్ళకీ మధ్య ఉండే రేకు గోడకి హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల దగ్గర దొరికిన, భట్టీలకి వాడే సిరామిక్ బ్లాంకెట్ అంటించి, పైన వెండిరంగు రేకు వేశాం. బానెట్ కింద ఒక సెన్సర్ కట్టి, అక్కడి వేడి ఎంతో స్టీరింగు పక్కనే అంకెల్లో కనబడేలా చేశాను.

అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ బ్లాంకెట్ మిగిలింది. నాన్న స్టీల్‌ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఒవెన్స్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఒవెన్ తలుపు అంచుల్లోంచి పొగ కనబడితే మూసెయ్యడం ఆయన పని. బానెట్ వెనక అంచున అద్దం కిందున్న సందుల్లోంచి వేడిగాలి రావడం చూసి, మిగిలిన బ్లాంకెట్‌ని తాడులా చుట్టి అక్కడంతా కూరారు. బురద పడకుండా ఇంజను కింద ఒక రేకు పళ్ళెం కూడా బిగించారు. చాలా నీటుగా చేశారు. సాయంత్రం సెక్టార్ రోడ్ల మీద తిప్పి చూస్తే కాళ్ళ దగ్గర వేడి సగానికి సగం తగ్గింది. ఇద్దరం సంతోషపడ్డాం.

శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. అమ్మ పులిహోర, చేగోడీలు కట్టిచ్చింది. రాయ్‌పూర్ వైపు లారీల రద్దీ ఎక్కువ కాబట్టి ఉతై, గుండర్‌దేహి, బాలోద్ మీదుగా వెళ్ళి పురూర్ దగ్గర పెద్దరోడ్డు ఎక్కాం. ఈ దారి కాస్త ఇరుకు, కానీ తెల్లారేలోపు హాయిగా ఉంటుంది. బాలోద్‌లో టీ తాగాం. చారామా దాటాక పోహా, జలేబీ తిన్నాం. కాంకేర్ చేరేసరికి ఎనిమిదైంది. అప్పటిదాకా బానెట్ కింద అరవై డిగ్రీలు దాటలేదు. నాన్న అంకె చూసినప్పుడల్లా నా వైపు చూసి తల ఊపుతున్నారు.

ఘాట్ మొదలయ్యాక అంకె పెరగడం మొదలైంది. ముందు రెండు సిమెంటు లారీలు, రెండో గేరు దాటడానికి వీల్లేదు. మూడో మలుపులో ఎనభై, ఆరో మలుపులో తొంభై దాటింది. ఫ్యాన్ స్విచ్ వేశాను, ఏసీ ఆపేశాను. ఇంజను వేడి చూపే ముల్లు కూడా ఎర్రగీత వైపు కదిలింది. ఘాట్ మధ్యలో అమ్మవారి గుడి ఉంది, డ్రైవర్లు దణ్ణం పెట్టుకోవడానికి ఆగే చోటు. అక్కడ పక్కకి తీసి ఇంజనుని ఖాళీగా తిరగనిచ్చాను. ముల్లు దిగలేదు.

వెనకే వచ్చి ఆగిన లారీలోంచి దిగిన డ్రైవరు మా కారు చూసి, తర్వాత మా తెలుగు విని నవ్వాడు. అతనిది పార్వతీపురం అట.

"ఏటి బాబూ, పప్పు ఉడికిందా, ఇంకా కుతకుతలాడతందా?" అన్నాడు.

నాన్న మొహం తిప్పుకున్నారు. నేను చేతికి గుడ్డ చుట్టుకుని బానెట్ ఎత్తాను. రేడియేటర్ మూత జోలికి వెళ్ళలేదు. వేడిగా ఉన్నప్పుడు అది ఎవరూ తియ్యకూడదు. బానెట్ తెరిచిన కాసేపటికే అంకె గబగబా పడిపోయింది. డెబ్భై, అరవై అయిదు. ముల్లు కూడా వెనక్కి నడిచింది. ఫ్యాన్ అదే, ఇంజను అదే. మారింది బానెట్ ఒక్కటే. ముందునుంచి ఫ్యాన్ లోపలికి తోసే గాలికి బయటికి పోయే దారి లేదు. పైన బ్లాంకెట్ తాడు, కింద రేకు పళ్ళెం. భట్టీలో వేడి నిలవుంచడానికి ఎలా మూస్తామో ఇంజనుని అలా మూశాం.

ఆ మాట నాన్నకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఆయనే వంగి బ్లాంకెట్ తాడుని ఒక చివర పట్టుకున్నారు.

"ఇది తీసేస్తే వేడంతా అద్దం మీదకొచ్చెయ్యదేటి?" అన్నారు.

"వస్తుంది నాన్నా. కానీ గోడకి అంటించింది ఉంది కదా, కాళ్ళ దగ్గరికి రాదు. లోపలిగాలే తిరిగేలా ఏసీ పెట్టుకుందాం."

ఆయన తాడు మొత్తం లాగేసి చుట్టి డిక్కీలో పెట్టారు. లారీ డ్రైవరు తన పానా తెచ్చిచ్చి, కింద పళ్ళెం విప్పేదాకా నిలబడి, అమ్మవారికి కొట్టిన కొబ్బరిచిప్ప మా చేతిలో పెట్టి వెళ్ళాడు. మిగతా ఘాట్ ఎక్కేటప్పుడు అంకె ఎనభై దాటలేదు. పైన కేష్‌కాల్ ఊళ్ళో వాషర్లు కొని, బానెట్ మడతబందుల బోల్టుల కింద పెట్టి వెనక అంచుని వేలెడంత ఎత్తు లేపాను. ఇలా చేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది నెమ్మదిగా ఎక్కేటప్పుడు పనికొస్తుంది, హైవే వేగంలో పెద్దగా ఉపయోగపడదు. వానాకాలం ముందు తీసేయడం మంచిది.

కొండాగావ్‌లో ఆగాం. నాన్న టీ గ్లాసు పట్టుకుని అన్నారు, "పొగ కనబడితే మూసేసిన చెయ్యి రా ఇది. వదిలెయ్యమంటే దానికి తెలీదు."

రాత్రికి జగదల్‌పూర్‌లో బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. గది పన్నెండు వందలు, కూలర్ ఉంది, నీళ్ళు బాగున్నాయి. మర్నాడు కోరాపుట్ మీదుగా సుంకి ఘాట్ దిగి మధ్యాహ్నం రెండింటికి సాలూరు చేరాం.

అక్క వీధి గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళు వాచాయి. ఆమె మా మొహాలు కాదు, బానెట్ చూస్తోంది. భోజనాలయ్యేదాకా అక్క అత్తగారు ఏమీ అడగలేదు. విస్తళ్ళు తీశాక నాన్నకి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు.

"అన్నయ్యగారూ, ఘాట్లో ఆగిందా?"

అక్క వంటింటి తలుపు దగ్గర నిలబడిపోయింది. బావ నా వైపు చూశాడు. లేదనడం తేలిక. కాదని చెప్పడానికి మాతో వచ్చినవాళ్ళెవరూ లేరు.

"ఆగిందమ్మా," అన్నారు నాన్న. "నేను చేసిన పనికే ఆగింది. అది తీసేశాక ఆగలేదు."

ఆవిడ, అయితే రేపు పొద్దున్న తననే ఘాట్ ఎక్కించమన్నారు. తాను కూర్చోలేని చోట కోడలిని కూర్చోబెట్టనన్నారు. బావ నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆదివారం పదింటికి, ఎండ ముదిరాక కావాలనే బయల్దేరదీశారు. వెనక సీట్లో, అక్క కూర్చునే చోటే కూర్చున్నారు. ఏసీ ఆపకూడదని షరతు. ఊరు దాటి ఘాట్ మొదలవగానే ముందుకి వంగారు.

"ఈ అంకె ఎంత దాటితే మనం దిగిపోవాలి బాబూ?"

తొంభై అన్నాను. ఆ తర్వాత ఆవిడ రోడ్డు చూడలేదు. ప్రతి మలుపులో అంకెని పైకి చదివారు, తంబోలా ఆటలో అంకెలు పిలిచినట్టు. డెబ్భై ఒకటి. డెబ్భై నాలుగు. ఒక చోట బాక్సైట్ లారీ వెనక చిక్కుకున్నాం, ఎనభై రెండు అయింది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. లారీ పక్కకి తప్పుకోగానే మళ్ళీ డెబ్భై ఆరు. సుంకి దగ్గర ఆపి టీ తాగాం. ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి, లేచి ఉన్న బానెట్ అంచు చూసి, సరిగ్గా మూతపడలేదు సుమా అన్నారు. అది అలాగే ఉండాలని నాన్నే వివరించారు, చేతుల్తో గాలి వెళ్ళే దారి చూపిస్తూ, చాలాసేపు.

"బుధవారం గాజులు తొడిగిస్తాం," అన్నారావిడ, గ్లాసు కింద పెట్టి. "గురువారం తీసుకెళ్ళండి. మధ్యాహ్నం మాత్రం నడపొద్దు."

గురువారం తెల్లవారుజామున బయల్దేరాం. ఈసారి సుంకి ఎక్కాలి, కేష్‌కాల్ దిగాలి. అక్క వెనక సీట్లో రెండు తలగడలతో, చేతుల నిండా గాజులతో కూర్చుంది. గంటకోసారి ఆపాం, నడిపించాం. అక్కని చూసే డాక్టరు చెప్పినట్టే జగదల్‌పూర్‌లో ఆ పగలూ రాత్రీ ఆగిపోయాం. మర్నాడు తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాం. కేష్‌కాల్ మలుపులు దిగేటప్పుడు అక్క నిద్రపోతోంది. బాలోద్ దాటాక లేచి, ఇంకెంత దూరం అని అడగలేదు, అమ్మ ఏం వండి ఉంటుందని అడిగింది.

భిలాయి నుంచి సాలూరుకి పాత కారులో వేసవిలో వెళ్ళొచ్చు. రేడియేటర్ శుభ్రంగా ఉండాలి, కాళ్ళ దగ్గరి గోడకి బ్లాంకెట్ ఉండాలి, వేడిగాలి బయటికి పోయే సందులు మూయకూడదు. నాకు తెలిసింది ఇంతే.

పదకొండింటికి రుఆబాంధాలో క్వార్టర్ ముందు ఆపాను. అమ్మ అక్కని పట్టుకుని మెల్లగా లోపలికి నడిపించింది. పక్కింటి దీదీ మజ్జిగ తెచ్చింది. నాన్న సంచులు మోశారు. ఎప్పుడు తిన్నావు, ఎలా పడుకున్నావు, కాళ్ళ వాపు ఎప్పటినుంచి అని అందరూ అక్కని అడుగుతున్నారు. కారు ఎలా నడిచిందని ఎవరూ అడగలేదు. నేను తాళం మేకుకి తగిలించి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.