పచ్చళ్ళ ఫోటోల మీద నా పేరు

నేరేడ్‌మెట్‌లో ఒకే ఇంట్లో కింద మేము, పైన మా తోడికోడలు వాళ్ళు ఉండేవాళ్ళం. ఆమెది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను అయిదో తరగతితో ఆపేసినదాన్ని. కానీ విజయనగరంలో మా అత్తగారు పెట్టే పచ్చళ్ళన్నీ, ఏ కాయకి ఎంత ఆవపిండి, ఎన్నో నాడు తిరగకలపాలి, నా బుర్రలోనే ఉండేవి. వేసవి వచ్చిందంటే చుట్టాలందరూ నాకే ఫోన్ చేసేవారు.

ఆ ఏడు తోడికోడలు నా పక్కన కూర్చుని, నేను చెబుతుంటే ఒక్కొక్కటీ లాప్‌టాప్‌లో రాసుకుంది. మార్క్‌డౌన్ అనేదేదో పద్ధతిట. మోండా మార్కెట్‌లో కాయలు ఏరడం దగ్గర్నుంచి, మూడో నాటికి జాడీలో ఊట ఎంత ఊరాలో దాకా ఫోటోలు కూడా తీసింది.

"ఫోటో ఈ రాతలో ఉండదక్కా. ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ దారి మాత్రం రాస్తాను. ఆ దారి చూసుకుని లాప్‌టాపే ఫోటో తెచ్చి చూపిస్తుంది," అంది.

"ఆ ఫోల్డర్ మీద ఏటి రాసుంది?"

"నా పేరే. నా లాప్‌టాప్ కదా!"

ఆ మాట నాకు నచ్చలేదు. దానికి తోడు పక్కింటావిడ గోడ మీంచి, "ఏందక్కా, నీ పచ్చళ్ళన్ని మీ చెల్లె కంప్యూటర్‌ల ఎక్కించిందంట గద! ఇగ నిన్నెవరడుగుతరు? జెర రెస్ట్ తీస్కో!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్ తెరిచే ఉంది. ఫోల్డర్‌కి పేరు ఎలా మారుస్తుందో అంతకుముందు ఒకసారి చూశాను. ఒకసారి చూసింది నేను మరిచిపోను. బ్యాంకు సంతకం కోసం నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ వెతికి వెతికి నొక్కి, ఆమె పేరు తీసేసి నా పేరు పెట్టాను. చెయ్యి నాది, పచ్చడి నాది, పేరు ఆమెదా?

ఆదివారం యాప్రాల్ నుంచి మా ఆడపడుచు, చూసి నేర్చుకుంటానని సంచీడు కాయలతో వచ్చింది. తోడికోడలు తెరిచి చూపిస్తే రాత అంతా ఉంది గానీ, ఫోటోల చోట ఖాళీ గళ్ళు. ఒక్కటీ రాలేదు.

"పోనీలే, పెద్దొదినా, నువ్వే చెప్పు," అని ఆడపడుచు నా వైపు తిరిగింది.

నేను కాచుకున్నది ఆ మాట కోసమే. కానీ తోడికోడలు ఒక్కొక్క గడి మీదా నొక్కుతూనే ఉంది. "నెల్లాళ్ళ పని అక్కా. నేనే ఎక్కడో చెరిపేసుంటాను," అంది.

"నువ్వేం చెయ్యలేదు. ఆ ఫోల్డర్ పేరు నేనే మార్చాను," అన్నాను.

ఆమె ఫోల్డర్ వెతికి, నా పేరు చూసి, దాని మీద వేలు పెట్టింది. "నన్నడిగితే నేనే మార్చేదాన్ని కదక్కా. ఫోటోలెక్కడికీ పోలేదు. దారిలో పాత పేరుండిపోయింది, అంతే." పేరు వెనక్కి మార్చేస్తుందనుకున్నాను. మార్చలేదు. రాతలోని దారులన్నిటిలోనూ తన పేరు కొట్టేసి నా పేరు వేసింది. బొమ్మలన్నీ వచ్చేశాయి. ఆ పేరు మాత్రం దారిలోనే ఉండిపోయింది, తెర మీద ఎక్కడా కనబడలేదు.

"అబ్బ, ఎంత చక్కగా పెట్టావే! చదువుకున్న చెయ్యే వేరు," అంది ఆడపడుచు ఆమెతో.

"కాయలు నేను కొడతాను," అన్నాను.

"అక్కర్లేదొదినా. ఇందులో చూపిస్తోంది కదా," అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.