పోసేదా అన్న ఒక్క మాట

నా చిన్నప్పుడు, తొంభైల తొలినాళ్ళలో, కాటన్‌పేటలోని మా ఇంట జరిగిన ఒక సంగతిని రాసిపెట్టక తప్పదు. మా బంధువులలో చాలామంది మా మేనత్తను మహారాణి అన్న ఎగతాళి పేరుతోనే గుర్తుంచుకున్నారు. ఆ పేరు పెట్టినది నేనే.

మా నాన్నగారి అక్క ఆమె. కీళ్ళవాతం. ఉదయం వేళ వేళ్ళు ముడుచుకుపోయేవి. చేతులు భుజం దాటి లేచేవి కావు. అయినా ఆమె స్నానానికి ఒక క్రమం ఉండేది. ముందు వేడినీళ్ళలో చేతులు నానబెట్టుకొనేది. ఆపై పీట మీద కూర్చుని, పాత మేజోడులో సబ్బు వేసి మణికట్టుకు కట్టుకొని, ఒళ్ళు తానే రుద్దుకొనేది. తలస్నానానికి మాత్రం మా అమ్మ కావాలి.

ప్రతి ఆదివారం వాళ్ళిద్దరూ తలుపు వేసుకుంటే అరగంట దాకా బయటికి వచ్చేవారు కారు. నేను తలుపుకు చెవి ఆనించి వినేవాణ్ణి. "పోసేదా వదినా?" అని అమ్మ, "ఊఁ, పొయ్యి" అని అత్త. ప్రతి చెంబుకూ అదే మాట. నాకైతే కళ్ళల్లో సీకాయ పడుతున్నా అమ్మ గబగబా గుమ్మరించేది; ఒక్కనాడూ అడిగింది లేదు. అసూయతో కడుపు మండేది. తొలి వేడినీళ్ళు ఆమెకు, అమ్మ ఆమెకు, ఆ అడగడమూ ఆమెకే.

ఒక ఆదివారం అమ్మకు జ్వరం వచ్చింది. అత్త చీరతోనే స్నానాల గది గడప దగ్గర పీట వేసుకుని, "రాప్పా, మహారాణికి ఈపొద్దు నువ్వే పొయ్యాల" అంది. ఆ పేరు ఆమె చెవిన పడిందని నాకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో, దానికి మించిన కోపంతో, అడగకుండానే చెంబుడు నీళ్ళు గుమ్మరించాను. ఆమె మెడ బిగుసుకుంది. ఆసరా కోసం చాచిన వేళ్ళు గోడను పట్టలేక జారాయి. పీట ఒరిగింది. నేను భుజం అడ్డుపెట్టకపోతే పడిపోయేది.

ఆమె తిట్టలేదు. ఊపిరి కూడదీసుకుని, "నా ఒళ్ళు ఏ పొద్దు ఎట్లుంటాదో నాకే తెలీదప్పా. అడిగితే మెడ సర్దుకుంటా. దానికే మీయమ్మ అడిగేది" అంది. మిగిలిన చెంబులన్నీ అడిగే పోశాను. అంతా అయ్యాక నన్ను పీట మీద కూర్చోబెట్టింది. రెండు చేతులతో చెంబు ఎత్తి, నా తల దగ్గర ఆపి అడిగింది.

"పోసేదా అప్పా?"

అసూయ ఆనాటితో తీరిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మరుసటి ఆదివారమూ ఆ తలుపు మూసుకుంది, నేను బయటే నిలబడ్డాను. అయితే మహారాణి అన్న మాట మళ్ళీ నా నోట రాలేదు. ఇప్పుడు నా కీళ్ళకూ అదే జబ్బు. నా భార్య చెంబు ఎత్తి ఆ మాట అడిగేదాకా నేను తల వంచను.

ఇందులో తప్పులు దొర్లి ఉంటే చదువరులు దిద్దాలి. అందుకు మాత్రం నన్ను ముందుగా అడగనక్కరలేదు.