రెండో ఆల్బమ్‌లో మాటలు స్పష్టంగా ఉన్నాయి

మా ఆఫీసులో జనరేటర్లు, యూపీఎస్‌లు చూసే ఎలక్ట్రీషియన్ ఒకతను ఉండేవాడు. మూసాపేట మనిషి, నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఆదివారం అతను మా సంఘంలో బాప్తిస్మం తీసుకోవాల్సి ఉంది. ఆ ముందు బుధవారం పొద్దున నా బల్ల మీద ఒక సీడీ పెట్టాడు.

"వచ్చిందన్నా రెండోది. ముందు నువ్వే విను. విని నాకు తెలుగుల చెప్పు," అన్నాడు. ట్రైనింగుకి అమెరికా వెళ్ళిన మా టీమ్ లీడర్ని బతిమాలి తెప్పించుకున్నాడు దాన్ని.

తొంభై తొమ్మిది అది. మాదాపూర్ వైపు ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు. ఈల వేసి ఎర్రజెండా ఊపితే రోడ్డు మీద బస్సులు ఆగేవి. మోత అయ్యాక మళ్ళీ కదిలేవి. మా అద్దాలు కాసేపు వణికేవి కానీ లోపల ఎవరూ తల ఎత్తేవారు కాదు, అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన రికార్డింగులు విని టైపు చేయడం మా పని. కాలి కింద ఒక పెడల్. నొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమ ఆనిస్తే వెనక్కి పోతుంది. చేరిన మొదటి రోజే మాకు గట్టిగా చెప్పిన సంగతి ఒకటే: వినపడని చోట ఖాళీ వదలండి, ఊహించి రాయకండి. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ; చెవికి దాదాపు ఒకటే, రోగికి మాత్రం కాదు.

ఆఫీసులో ఆ నియమాన్ని నేను ఎప్పుడూ తప్పలేదు.

మాది గోదావరి వైపు. తాతల కాలం నుంచీ విశ్వాసులం. ఆదివారపు బడిలో బహుమతుల కోసం మొదలుపెట్టి అధ్యాయాలకి అధ్యాయాలు కంఠస్థం చేసినవాణ్ణి. లింగంపల్లిలో గది తీసుకున్నాక అక్కడి సంఘంలో, బయటి దేశాల ప్రసంగీకులు వచ్చినప్పుడు పక్కన నిలబడి తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు. వాళ్ళు సగం చెప్పేసరికే మిగతా సగం నాకు తెలిసిపోయేది. లేఖనం తెలుసు కాబట్టి వాళ్ళ మాట ఎటు వెళ్తుందో తెలిసేది. అది వరమనే అనుకున్నాను. అందరూ అలాగే అన్నారు.

అలా వచ్చిన ఒక బృందంలోని యువకుడు వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టాడు. కాపీకి కాపీ. అట్ట లేదు, లేబుల్ మీద పెన్నుతో బ్యాండు పేరు. "వీళ్ళు విశ్వాసులే అనుకుంటాను," అన్నాడు. చివరి మాటని నేను ఎప్పుడు మర్చిపోయానో నాకు గుర్తు లేదు.

ఆఫీసు ట్రైనింగు గదిలో పెడల్ ఉన్న పాత క్యాసెట్ మిషన్ ఒకటి ఉండేది. భోజనం వేళ దాని మీద ఆ క్యాసెట్ వేస్తే గిటార్లు రంపాల్లా మొదలయ్యాయి. వాటి మీద ఒక మనిషి గొంతు చీలిపోయేలా అరుస్తున్నాడు. ప్లగ్గు బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆగిపోయాడు.

"ఏందన్నా గిది, ఎవర్ని కోస్తున్నరు?"

"పాట తమ్ముడూ."

"గిది పాటనా? దీనికంటే నా జనరేటర్ నయం, జర తాళంల ఉంటది."

నవ్వాడు కానీ వెళ్ళలేదు. ఒక వైపు మొత్తం నిలబడే విన్నాడు. మర్నాడు వచ్చి, "నిన్నటి అరుపులాయన్ని మళ్ళొక్కసారి పెట్టు," అన్నాడు. వారం తిరగకుండా బ్రౌజింగ్ సెంటర్‌కి పోయి, అలా అరుస్తూ పాడే రాక్ సంగీతాన్ని మెటల్‌కోర్ అంటారని నాకే పాఠం చెప్పాడు.

ఎందుకు వింటున్నాడో ఆ తర్వాత చెప్పాడు. ఏడాది కింద అతని అన్న స్కూటర్ మీద పోతుంటే లారీ గుద్దింది. దవాఖానలో మూడు రోజులు ఉన్నాడు. మూడో రోజు "ఛాయ తాగొస్త" అని ఇతను కిందికి దిగాడు. పైకి వచ్చేసరికి అయిపోయింది. "అందరు ఏడ్చిన్రు. నాకు రాలే. ఇంకా రాలే. గాయన అరుస్తుంటే నా తరఫున అరుస్తున్నట్టు ఉంటది," అన్నాడు.

ఆ క్యాసెట్లో చివరి పాట చివర్లో ఒకే మాట పదేపదే వస్తుంది. అదేమిటని అడిగాడు. పెడల్ తొక్కి వెనక్కి, ముందుకి ఎన్నిసార్లు విన్నానో. అరుపులో అచ్చులన్నీ కరిగిపోయాయి. చివరికి విన్నాను: ఐ వోంట్ లీవ్ యూ.

"నిన్ను విడువను, అంటున్నాడు."

"ఎవరు, ఎవరితోని?"

"దేవుడు. నీతో," అన్నాను.

అతను ఆ శుక్రవారం యువజన కూటానికి వచ్చాడు. నేను ఆ మాట మీదే సాక్ష్యం చెప్పాను. ఆ తర్వాత ఆరు నెలలు వస్తూనే ఉన్నాడు. వాళ్ళమ్మ ఏమన్నదో ఒకసారి చెప్పాడు: "నీకు నిద్ర పడుతున్నదంటే ఏ దేవుడైనా మంచోడే బిడ్డా అన్నది." బాప్తిస్మం కోసం తనే అడిగాడు. అతని నమ్మకమంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉందని నాకు తెలుసు. దాన్ని నిలబెట్టింది నేనే.

ఆ బుధవారం మధ్యాహ్నం సీడీ కంప్యూటర్లో వేశాను. రెండు పాటలయ్యేసరికి విసుగొచ్చింది. మొదటి దాంట్లో ఉన్న ఇరుకు, తొందర ఇందులో లేవు. డ్రమ్ము దెబ్బలన్నీ ఒకే కొలతలో పడుతున్నాయి. గిటార్లకి ఎవరో ఇస్త్రీ చేసినట్టుంది. ఆ మనిషి అరవడం దాదాపు మానేసి రాగం తీస్తున్నాడు. రేడియోలో వచ్చే ఎవరైనా కావచ్చు అతను. ప్రతి మాటా స్పష్టంగా, నాలాంటివాడి అవసరమే లేకుండా వినపడుతోంది.

ఆఖరున ఆ పాత పాటని మళ్ళీ పాడారు. నిదానంగా, పియానోతో.

ఐ వాంట్ టు లీవ్ యూ.

అలవాటు కొద్దీ పెడల్ మీద కాలు పెట్టాను. సీడీకి అది పనిచేయదు. అట్టలోని పుస్తకం తీశాను. మాటలన్నీ అచ్చువేసి ఉన్నాయి. ఒక అమ్మాయిని వదిలిపోవాలనుకుంటున్నవాడి పాట అది. దేవుడి ప్రస్తావన మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా లేదు.

గుండె జారడం లాంటిదేదీ జరగలేదు. ఫైలు తెరిచి ఒక డాక్టరు చెప్పిన మోకాలి ఆపరేషన్ టైపు చేశాను. ఒక్క తప్పు కూడా పడలేదు.

సాయంత్రం పాస్టరుగారి ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. మా అయ్యగారు మంచి మనిషి. కాసేపు ఆలోచించి, "నువ్వు విన్న మాట వాక్యంలో ఉందా లేదా?" అన్నారు.

"ఉందండి."

"మరి ఆ అబ్బాయికి అబద్ధం ఏం చెప్పావు?"

"వాళ్ళు అన్నారని చెప్పానండి. వాళ్ళు అనలేదు."

"ఆదివారం కానివ్వు బాబూ. తర్వాత నెమ్మదిగా చెబుదువుగాని."

సరేనండి అన్నాను. గదికి వచ్చి మోకరించాను. నోటికి వచ్చిన ప్రార్థన నోటితోనే అయిపోయింది.

గురువారం అతను అడిగితే ఇంకా వినలేదన్నాను. అది నిజంగానే అబద్ధం. శుక్రవారం ఆ బరువు మోయలేక కాదు, ఇంకొక అబద్ధం తోచక, బయట ఇడ్లీ బండి దగ్గర చెప్పేశాను. సీడీ పుస్తకం చూపించాను. అతను ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. ఆ ఒక్క వరుస కింద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

"వాంట్ అంటే కావాలనే గదా?"

"అవును."

"మరి విడువనని ఎట్ల చెప్పినవ్?"

"నాకు అలాగే వినపడింది తమ్ముడూ."

"వినపడ్డదా, వినాలనుకున్నవా?"

ఈల వేశారు. ఎర్రజెండా ఊపారు. బండ పేలేదాకా ఇద్దరం ప్లేట్లు పట్టుకుని నిలబడ్డాం. దుమ్ము వచ్చి ప్లేట్లలో పడింది.

"మాట మాత్రం నిజం," అన్నాను. "వాళ్ళు అనకపోయినా దేవుడు అన్నాడు. గ్రంథంలో ఉంది, చూపిస్తాను."

"ఉంటదన్నా. నీకు నోటికొచ్చు గద. గప్పుడు గూడ నీ నోటికొచ్చిందే చెప్పినవ్." కోపంగా అనలేదు. "జర ఆలోచించుకోనియ్," అని ప్లేటు తొట్టిలో వేసి లోపలికి పోయాడు.

ఆదివారం రాడనుకున్నాను. వచ్చాడు. తెల్లబట్టలు కాదు, మామూలు చొక్కా. మందిరం వెనక సిమెంటు తొట్టిలో నీళ్ళు నింపి ఉన్నాయి. ముగ్గురి పేర్లు పిలిచారు. మూడోది అతనిది. లేచి నిలబడి, "అయ్యగారూ, ఇయ్యాల కాదు," అన్నాడు.

వెనక నుంచి ఒక పెద్దావిడ అలవాటు కొద్దీ "స్తోత్రం" అంది.

అయ్యగారు నా వైపు చూశారు. నేను లేచాను. ఆరు నెలల కింద చెప్పిన సాక్ష్యంలో ఒక మాట తప్పని, నేను వోంట్ అని విన్నది అసలు వాంట్ అని చెప్పాను. జనం ఓపికగా విన్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నేను కూర్చోగానే నాలుగు వైపుల నుంచి "ఆమెన్" వినపడింది. ఆ మందిరంలో నేను చెప్పింది అర్థమైనవాడు ఒక్కడే. అతను నేల వైపు చూస్తున్నాడు.

మిగతా ఇద్దరూ నీళ్ళలో మునిగి లేచారు. నేను పాటల పుస్తకం తెరిచి పాడాను. గొంతు బాగానే పలికింది.

భోజనాల దగ్గర అతను నా పక్కనే కూర్చున్నాడు. పప్పు ఇంకొంచెం వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, "వస్త అన్నా," అన్నాడు. లింగంపల్లి స్టాప్ దాకా తోడు వెళ్ళాను. బస్సు కోసం అరగంట నిలబడ్డాం. దేవుడు నిన్ను విడువడు అని ఆ అరగంటలో ఒక్కసారైనా అనాల్సింది. నేను నమ్మేది అదే, ఇవాళ్టికీ అదే. నా నోటి నుంచి ఆ మాట అతను ఇంక వినలేడని తెలిసి, కూకట్‌పల్లి దగ్గర రోడ్డు తవ్వారా అని అడిగాను. తవ్వారన్నాడు.

బస్సు వచ్చింది. ఎక్కాడు.