లీలమ్మ ఐదో చుక్క

పోచంపల్లిలోని ఆ నేతకారుల సంఘంలో నల్లబల్ల మీద చుక్కలు పెట్టే పని పదకొండేళ్లుగా వెంకటనర్సుదే. నేత నాణ్యతను బట్టి ఒక్కో చీరకు ఐదు చుక్కల దాకా పెట్టొచ్చు. చుక్కలతో కూలి పెరగదు, పేరు పెరుగుతుంది. అందుకే అందరి కళ్లూ అతని సుద్దముక్క మీదే ఉంటాయి.

చుక్కలు పెట్టేదాకా చీరల మీద పేర్లుండవు. అయినా తొంభై ఒకటి శ్రావణంలో ఆ ఏనుగుల చీర విప్పగానే, రంగులో ముంచే ముందు నూలుకు చిటికి ముడులు కట్టిన తీరు చూసి అది తన భార్య లీలమ్మదని పోల్చుకున్నాడు. ఎక్కడా రంగు పాకలేదు, అంచు వంకరపోలేదు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. వెంకటనర్సు ఒకసారి వెనక్కి చూశాడు. నాలుగు చుక్కలే పెట్టి చెయ్యి దించాడు.

"తప్పేడున్నదో జర చూపియ్యి నర్సన్నా," అన్నాడు నూలుకు రంగులేసే పీర్ మహమ్మద్.

వెంకటనర్సు చీరను రెండుసార్లు తిరగేశాడు. తప్పు దొరకలేదు.

"ఇంటిదానికి ఎక్కువేసిన్నని రేపు ఎవరన్న అంటరని..." అని నసిగాడు.

నేతగాళ్ల మధ్య కూర్చున్న లీలమ్మ లేచి వచ్చి అతని చేతిలోని సుద్దముక్క తీసుకుంది. మొగుడి పేరు ఎన్నడూ నోటితో పలకని మనిషి, అందరూ చూస్తుండగా బల్ల అడుగున 'వెంకటనర్సు' అని రాసి, పక్కన ఒక్క చుక్క పెట్టింది.

"నాది తీస్కున్నవ్ గదా," అంది. "నీ పేరు మీదనే ఉండనీ."