నిఘా బండి నాలుగో చక్రం

ప్రతి ఆదివారం ఉదయం సరిగ్గా పది గంటలకు తపాలా గుమాస్తా భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచే మహత్తర ఘట్టాన్ని చరిత్రకారులు ఎందుకో పట్టించుకోలేదు. కళ్ళద్దాలు నుదుటికెక్కించి, ఊపిరి బిగబట్టి, జానెడు ప్లాస్టిక్ మిలిటరీ నిఘా బండి బొమ్మకి ఒక్కో ముక్కా అతికిస్తాడు. శత్రువు కదలికలను అందరికంటే ముందు పసిగట్టడం అసలు బండి పని.

ఆ వేళ నాలుగో చక్రం అతికిస్తుండగా భార్య పెట్టెతో వచ్చి గుమ్మంలో నిలబడింది. “మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నానండీ. ఇక రాను. వద్దనైనా అనరా?”

“రెండు నిమిషాలాగవే, గమ్ము ఆరనివ్వు. వదిలితే వంకరపోతుంది.”

“పదకొండేళ్ళు ఆగాను, రెండు నిమిషాలు ఓ లెక్కా!”

ఆమె నిజంగానే ఆగింది, గడియారం చూస్తూ. అతను ఎందుకైనా మంచిదని మూడో నిమిషం కూడా పట్టుకున్నాడు. తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. చక్రం తిన్నగా అంటుకుంది.